చుక్కను నమ్మండి, గీతను కాదు: రేసు ట్రాకర్‌పై అపోహలు - వాస్తవాలు

తెరచాప పడవల రేసుల్లో ట్రాకింగ్ చూసుకునే పని నాది. పడవలను చుక్కలుగా, అవి వచ్చిన దారిని గీతగా చూపించే ట్రాకర్ మ్యాప్ ముందు కూర్చున్న అభిమానులు అడిగే ప్రశ్నలు ఏ రేసులోనైనా ఇంచుమించు ఒకటే. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ మ్యాప్‌కు పడవ ముఖ్యంగా పంపేవి రెండే: తానున్న చోటు, ఆ సమయం. మిగతాది చాలావరకు కంప్యూటర్ లెక్కగట్టి గీసిందే.

అపోహ: ‘లైవ్’ అని ఉందంటే పడవ ఇప్పుడు అక్కడే ఉన్నట్టు.

కాదు. ట్రాకర్ జీపీఎస్‌తో తానున్న చోటు పట్టుకుని శాటిలైట్ ద్వారా పంపుతుంది. పంపిన ప్రతిసారీ డబ్బు, బ్యాటరీ రెండూ ఖర్చే. అందుకే నడిసముద్రంలో అప్‌డేట్లు తక్కువ. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చే వాండే గ్లోబ్ రేసులో మామూలు రోజుల్లో నాలుగు గంటలకోసారి వస్తాయి. 20 నాట్లతో, అంటే గంటకు 20 నాటికల్ మైళ్లతో దూసుకెళ్లే పడవ ఆలోగా 80 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 150 కిలోమీటర్లు దాటిపోతుంది. మధ్యలో మెల్లగా జరుగుతూ కనిపించేది ఉత్త యానిమేషన్. ముందు చుక్కను నొక్కి టైము చూడండి. అది యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయం), మీ ఫోన్ టైమా అన్నదీ చూసుకోండి.

‘పడవ కొండెక్కేసింది’ అన్న గోల కూడా ఇందువల్లే. సాఫ్ట్‌వేర్ రెండు చుక్కల్ని తిన్నగా కలిపేస్తుంది. మధ్యలో దీవి ఉందో, కేప్ (సముద్రంలోకి చొచ్చుకొచ్చిన నేల) ఉందో దానికి పట్టదు.

అపోహ: ఒకటో ర్యాంకులో ఉన్నవాళ్లే ముందున్నట్టు.

అభిమానులకు ఎక్కువగా నిద్ర లేకుండా చేసేది ఇదే. ర్యాంకుకు ఆధారం గమ్యానికి మిగిలిన దూరం. దానికి గాలి సంగతి తెలియదు. గాలికి సూటిగా ఎదురు ఏ తెరచాప పడవా వెళ్లలేదు. సుమారు 40-45 డిగ్రీలు పక్కకు తిరిగి, అటోసారి ఇటోసారి మలుపులు తిప్పుకుంటూ పోవాలి. అలా పక్కకు పోతున్నంతసేపూ ర్యాంకు పడిపోతున్నట్టే ఉంటుంది.

దక్షిణ అట్లాంటిక్ సంగతే తీసుకోండి. అక్కడ సెయింట్ హెలీనా అధిక పీడన ప్రాంతం ఉంటుంది. దాని నడుమ గాలి దాదాపు ఉండదు. కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు దగ్గరి దారి మాత్రం సరిగ్గా అందులోంచే. అనుభవజ్ఞులు బ్రెజిల్ వైపుగా దిగి, చుట్టు తిరిగి పోతారు. అడ్డదారి తొక్కినవాళ్లు ఒకటి రెండు రోజులు జాబితాలో పైన వెలిగి, తర్వాత గాలి లేక నిలబడిపోతారు. అందుకే నేను ర్యాంకు కన్నా ముందు ఎవరు గాలిలో ఉన్నారో చూస్తాను.

మ్యాప్‌పై గాలిని చూపించే బాణాలనూ గుడ్డిగా నమ్మకండి. అవి పడవ మీద కొలిచినవి కావు, వాతావరణ మోడల్ వేసిన అంచనాలు. భూమధ్యరేఖ దగ్గర గాలి నిలకడగా ఉండని డోల్డ్రమ్స్ ప్రాంతంలో ఉన్నట్టుండి విరుచుకుపడే మేఘం అందులో కనిపించదు.

వేగం విషయం చిన్నదే. కొన్ని ట్రాకర్లు ఆ క్షణపు వేగం చూపిస్తాయి, కొన్ని రెండు చుక్కల మధ్య సగటు. రెంటినీ పోల్చి పోట్లాడుకోకండి.

అపోహ: చుక్క ఆగిందంటే ప్రమాదమే.

బ్యాటరీ అయిపోవచ్చు, యాంటెన్నా దెబ్బతినవచ్చు. ప్రపంచాన్ని చుట్టే మరో రేసు క్లిప్పర్‌లో అయితే నియమాల ప్రకారమే ఒక పడవ 24 గంటలు ప్రత్యర్థుల కంట పడకుండా ఉండవచ్చు. దాన్ని స్టెల్త్ మోడ్ అంటారు. నిజంగా ఆపద వస్తే ఈపీఐఆర్‌బీ అనే వేరే పరికరం ఉంది. అది 406 మెగాహెర్ట్జ్‌పై శాటిలైట్ల ద్వారా రక్షణ కేంద్రాలకు కబురు పంపుతుంది. మ్యాప్ చూసి పుకార్లు లేపకండి, పడవలో ఉన్నవాళ్ల ఇంటివాళ్లూ అదే మ్యాప్ చూస్తుంటారు.

అపోహ: ముందు ముగింపు గీత దాటిన చుక్కే విజేత.

చాలా రేసుల్లో పడవల సైజును బట్టి హ్యాండిక్యాప్ ఉంటుంది, అంటే పడవ పట్టిన టైమును సవరించి లెక్కిస్తారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ-హోబార్ట్ రేసులో ముందు చేరినవారికి లైన్ ఆనర్స్, సవరించిన టైములో గెలిచినవారికి టాటర్సాల్ కప్. హ్యాండిక్యాప్ లేని చోట కూడా తారుమారు కావచ్చు. 2020-21 వాండే గ్లోబ్‌లో చార్లీ డాలిన్ అందరికన్నా ముందు గీత దాటాడు. యానిక్ బెస్తావెన్ దాటింది మూడో స్థానంలో, డాలిన్ తర్వాత సుమారు ఏడు గంటల ముప్పావుకు. కానీ అంతకుముందు మునిగిపోయిన పడవ నావికుడు కెవిన్ ఎస్కోఫియే కోసం వెతకడానికి వెచ్చించిన కాలానికి జ్యూరీ బెస్తావెన్ టైములోంచి 10 గంటల 15 నిమిషాలు తగ్గించింది. దాంతో దాదాపు రెండున్నర గంటల తేడాతో బెస్తావెన్ గెలిచాడు. కాబట్టి చివరి రోజుల్లో మ్యాప్‌తో పాటు జ్యూరీ నిర్ణయాల పేజీ కూడా తెరిచి పెట్టుకోండి.