వేరు దాకా వెళ్ళే మాట

గుంటూరులో అగ్రికల్చర్ చదువుతున్న మా మేనకోడలు మొన్న ఫోన్ చేసింది. "మావయ్యా, శిలీంధ్రనాశినుల పాఠంలో ఎరాడికేటివ్ అని ఉంది. నిర్మూలించేది అని రాసుకోమన్నారు. అంతేనా?"

అంతే. కానీ ఆ రెండు మాటల్నీ విడగొట్టి చూపిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు. అలా చూపించకుండా బట్టీ పట్టిస్తుంటే నాకు బాధేస్తుంది.

లాటిన్‌లో రాడిక్స్ అంటే వేరు. ముందున్న 'ఎ'కి బయటికి అని అర్థం. మన నిర్మూలనలోని మూలం అన్నా వేరు అనే అర్థం. ఇంగ్లీషు ర్యాడిష్ ఆ రాడిక్స్ నుంచే వచ్చింది. సంస్కృతంలో ముల్లంగిని మూలకం అంటారు. రెండు భాషలూ ఒకే దుంపకి 'వేరు' అన్న పేరే పెట్టుకున్నాయి!

వేరుతో సహా పీకడం ఎంత కష్టమో మిరప చేలో తుంగ చెబుతుంది. గడ్డి చేతికొస్తుంది, గడ్డ నేలలో ఉండిపోతుంది. ఆ గడ్డలు సన్నటి కాడలతో గొలుసుకట్టుగా ఉంటాయి. మొలిచిన గడ్డ మిగతావాటి మొగ్గల్ని అణిచి ఉంచుతుంది. దీన్ని అగ్రాధిక్యత అంటారు. నాగలి ఆ గొలుసును తెంచితే, అణిగి ఉన్నవి విడివిడిగా మొలుస్తాయి.

మశూచికి అలాంటి గడ్డ లేదు. ఆ వైరస్ జంతువుల్లో దాక్కోదు, కోలుకున్న మనిషి ఒంట్లో మిగలదు. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి రోగిని దాచిన ఇళ్ళు ఉండేవి. ఆ దాపరికమే దానికి గడ్డలా పనికొచ్చింది. రోగి ఎక్కడున్నా వెతికి, చుట్టూ ఉన్నవాళ్ళకి టీకాలు వేస్తూ పోతే సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో తేలింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. ఇది ఎరాడికేషన్.

పోలియో సంగతి వేరు. మన దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 నాటిది, కానీ పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఆ వైరస్ ఇంకా పోలేదు. అందుకే మన దగ్గర జరిగినదాన్ని ఎలిమినేషన్ అంటారు. అందులో ఉన్న లిమెన్ అంటే గడప. రోగాన్ని గడప దాటించాం, వేరు ఇంకా ఉంది.

మళ్ళీ మా అమ్మాయి మందు దగ్గరికి వస్తే, తెగులు లక్షణాలు కనబడ్డాక కూడా మొక్కలోని శిలీంధ్రాన్ని చంపేది ఎరాడికేటివ్. ఆ మాట వర్తించేది ఆ మొక్క వరకే. మిరప కాయకుళ్ళు శిలీంధ్రం విత్తనంలోనూ, చేలో వదిలేసిన మొక్కల చెత్తలోనూ బతుకుతుంది. "ఈసారి చేలోకి వెళ్ళినప్పుడు ఆకుల మీద కాదమ్మా, కింద రాలిన కాయల్లో వెతుకు" అన్నాను.