రెలిగేషన్ తర్వాత స్టాండ్లు ఎప్పుడు ఖాళీ అవుతాయి?

1973-74 సీజన్ చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్ నుంచి సెకండ్ డివిజన్‌కు పడిపోయింది. ఇలా అడుగున మిగిలి కింది డివిజన్‌కు దిగడమే రెలిగేషన్. మరుసటి సీజన్‌లో తన సొంత స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మ్యాచ్‌కు సగటున 48 వేల మందికి పైగా వచ్చారు. ఫస్ట్ డివిజన్‌లో ఆడుతున్న ఏ క్లబ్‌కూ ఆ ఏడాది అంత జనం రాలేదు. అంతకు ముందు సీజన్‌లో అదే స్టేడియంలో సగటు 42 వేల చిల్లర మాత్రమే. జట్టు దిగింది, జనం పెరిగారు.

ఈ ఉదాహరణ చూపించి నిజమైన అభిమాని ఎక్కడికీ పోడని వాదించేవాళ్లున్నారు. 1980ల వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ (వుల్వ్స్) ను చూపించి డివిజన్ పోతే జనమూ పోతారనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ లెక్కలు దొరుకుతాయి. కానీ ఇద్దరి చూపూ క్లబ్ పడిపోయిన రోజు మీదే ఉంటుంది. స్టాండ్లు నిండేదీ ఖాళీ అయ్యేదీ తేలేది ఆ తర్వాతి వేసవిలో, అంతకంటే ఎక్కువగా రెండో సీజన్‌లో.

అసలు ఈ పద్ధతి ఎలా పుట్టింది

1888లో 12 క్లబ్‌లతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు రెలిగేషన్ లేదు. అడుగున మిగిలినవాళ్లు తమను కొనసాగించమని తోటి క్లబ్‌ల ఓటు అడగాలి, అంతే. 1892లో పోటీ లీగ్ అయిన ఫుట్‌బాల్ అలయన్స్‌ను కలుపుకుని సెకండ్ డివిజన్ పెట్టాక, పైకెవరు, కిందికెవరు అన్నది తేల్చడానికి టెస్ట్ మ్యాచ్‌లు పెట్టారు. పై డివిజన్‌లో అడుగు జట్లు, కింది డివిజన్‌లో పై జట్లు వాటిలో తలపడేవి. నేటి మాంచెస్టర్ యునైటెడ్‌కు మాతృక అయిన న్యూటన్ హీత్ 1894లో ఇలాంటి మ్యాచ్‌లోనే లివర్‌పూల్ చేతిలో ఓడి కిందికి దిగింది.

ఈ పద్ధతి 1898లో నవ్వులపాలైంది. స్టోక్, బర్న్‌లీ మధ్య చివరి టెస్ట్ మ్యాచ్‌లో డ్రా అయితే చాలు, ఇద్దరూ ఫస్ట్ డివిజన్‌లో ఉంటారు. మ్యాచ్ 0-0తో ముగిసింది. గోల్ వైపు బంతి కొట్టాలన్న ఉద్దేశం ఏ జట్టుకూ లేదని చూసినవాళ్లందరికీ అర్థమైంది. దాంతో టెస్ట్ మ్యాచ్‌లకు స్వస్తి చెప్పి, 1898-99 నుంచి ఇద్దరు పైకి, ఇద్దరు కిందికి అన్న నియమం తెచ్చారు. అది మూడుకు మారింది 1973-74లో. యునైటెడ్‌ను ముంచింది ఈ కొత్త నియమమేనని అప్పుడప్పుడూ వినిపిస్తుంది కానీ అది సరికాదు. 22 జట్లలో యునైటెడ్‌ది 21వ స్థానం, పాత నియమంలోనూ దిగేదే. కొత్త నియమానికి బలైంది 20వ స్థానంలో ఉన్న సౌతాంప్టన్.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సంవత్సరాల్లో డివిజన్‌కూ జనానికీ సంబంధం ఇప్పుడనుకున్నంత గట్టిగా లేదు. 1948-49లో ఇంగ్లిష్ లీగ్ మ్యాచ్‌లకు మొత్తం 4 కోట్ల 10 లక్షలకు పైగా జనం వచ్చారు. ఆ రికార్డు ఇంకా చెరగలేదు. దానికి ముందు సీజన్‌లో న్యూకాసిల్ యునైటెడ్ ఆడింది సెకండ్ డివిజన్‌లో, సగటు హాజరు 56 వేల పైచిలుకు. టీవీలో మ్యాచ్ లేదు, దూరపు పెద్ద క్లబ్‌ను ఇంట్లో కూర్చుని చూసే వీలు లేదు. ఊళ్లో ఉన్న క్లబ్ ఏ డివిజన్‌లో ఉంటే శనివారం మధ్యాహ్నం ఆ డివిజన్‌దే. ఆస్టన్ విల్లా మూడో డివిజన్‌లో ఆడుతున్న 1972 ఫిబ్రవరిలో బోర్న్‌మత్‌తో మ్యాచ్‌కు 48,110 మంది వచ్చారు. విల్లా 1967లో ఒకసారి, 1970లో మరోసారి దిగి అక్కడికి చేరింది. కానీ 1972 నాటికి వరసగా గెలుస్తోంది, పైకి వెళ్లే జట్టని అందరికీ తెలుస్తోంది. ఈ తేడా ముందు ముందు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

పడటం ఆగకపోతే ఏమవుతుందో 1980లు చూపించాయి. బ్రిస్టల్ సిటీ 1980, 81, 82ల్లో వరసగా మూడుసార్లు దిగి, 1982లో దివాలా అంచు దాకా వెళ్లింది. వుల్వ్స్ 1984, 85, 86ల్లో అదే దారి పట్టింది. అదే సమయంలో, 1985లో బ్రాడ్‌ఫర్డ్ స్టేడియం అగ్నిప్రమాదం తర్వాత వచ్చిన భద్రతా నిబంధనల వల్ల వుల్వ్స్ సొంత మోలినో స్టేడియంలో రెండు స్టాండ్లు మూతపడ్డాయి. కొన్ని మ్యాచ్‌లకు నాలుగైదు వేల మంది కూడా కష్టమైంది. ఇందులో రెలిగేషన్ పాత్ర ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆ కాలంలో మైదానాల్లో గొడవలు, పారిశ్రామిక పట్టణాల్లో నిరుద్యోగం, పాతబడ్డ స్టేడియాలు అన్ని డివిజన్లనూ దెబ్బతీశాయి. 1985-86లో లీగ్ మొత్తం హాజరు కోటీ 65 లక్షలకు దిగింది, యుద్ధానంతర కాలంలో అదే అడుగు. అయినా 1986 చివర్లో స్ట్రైకర్ స్టీవ్ బుల్ వుల్వ్స్‌కు వచ్చి గోల్స్ కొట్టడం మొదలుపెట్టాక జనం తిరిగొచ్చారు. 1988లో వుల్వ్స్, బర్న్‌లీ, రెండూ నాలుగో డివిజన్ జట్లే, వెంబ్లీలో ఒక చిన్న కప్పు ఫైనల్ ఆడితే 80,841 మంది చూశారు. ఆ జనం అంతకుముందు లేకుండా పోలేదు. రావడానికి కారణం దొరక్క ఇళ్లలో ఉన్నారు.

సగటులో ఎవరెవరు ఉంటారు

హాజరు తగ్గిందన్న వార్త చూసినప్పుడు ముందు ఆ సంఖ్య లోపలికి వెళ్లాలి. ఇంగ్లండ్‌లో ఇప్పటి అగ్ర డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నిబంధన ప్రకారం బయటి జట్టు అభిమానులకు 3,000 సీట్లు ఇవ్వాలి, చిన్న స్టేడియం అయితే సామర్థ్యంలో 10 శాతం. పెద్ద క్లబ్‌లు వచ్చినప్పుడు అవి నిండిపోతాయి. కింది డివిజన్‌లో వారం మధ్యలో, దూరం నుంచి వచ్చే చిన్న క్లబ్ వెంట కొన్ని వందల మందే రావచ్చు. ఉదాహరణకు సగటు 30,000లో బయటివాళ్లు 2,800 ఉండి, మరుసటేడు 800కు తగ్గితే సగటు 28,000 అవుతుంది. సొంత అభిమాని ఒక్కడు కూడా పోలేదు, అయినా పత్రికలో 'రెండు వేల మంది దూరమయ్యారు' అని వస్తుంది.

మ్యాచ్‌ల సంఖ్య కూడా మారుతుంది. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, సొంతగడ్డపై 19 మ్యాచ్‌లు. దాని కింది డివిజన్ చాంపియన్‌షిప్‌లో 24 జట్లు, 23 మ్యాచ్‌లు. సగటు 30,000 చొప్పున 19 మ్యాచ్‌లకు 5,70,000 మంది. సగటు 25,000కు పడినా 23 మ్యాచ్‌లకు 5,75,000. గేటు దాటినవాళ్ల మొత్తం పెరిగింది, సగటు మాత్రం ఆరో వంతు తగ్గింది. అయితే అదనపు నాలుగు మ్యాచ్‌లు ఎక్కువగా మంగళ, బుధవారం రాత్రులకు పడతాయి. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు, దూరాన ఉండేవాళ్లు ముందు వదులుకునేవి అవే. ఇంకొకటి, చాలా క్లబ్‌లు ప్రకటించేది అమ్మిన టికెట్ల సంఖ్య. సీజన్ టికెట్ (సీజన్ మొత్తానికి ముందే కొనే టికెట్) ఉన్నవాళ్లు రాకపోయినా లెక్కలో ఉంటారు. అందుకే పడిపోయిన మొదటి ఏడాది సంఖ్యలు నిజం కంటే బాగా కనిపిస్తాయి: టికెట్ కొన్నాడు, నవంబర్ నుంచి రావడం మానేశాడు, సంఖ్య మాత్రం కదలదు. అసలు దెబ్బ మరుసటి వసంతంలో, రెన్యువల్ గడువు దాటాక బయటపడుతుంది.

అందరికంటే ముందు పోయేది హాస్పిటాలిటీ బాక్సుల గిరాకీ. ఖాతాదారులకు లివర్‌పూల్ మ్యాచ్ చూపించాలని బాక్స్ తీసుకున్న కంపెనీకి కింది డివిజన్ మ్యాచ్‌తో పనిలేదు. తలల లెక్కలో అది చిన్న భాగం, ఆదాయంలో పెద్ద భాగం.

డబ్బు సంగతికొస్తే 1992లో ప్రీమియర్ లీగ్ విడిపోయాక రెలిగేషన్ స్వభావమే మారింది. అంతకుముందు పడిపోతే ప్రధాన నష్టం గేటు రాబడి. ఇప్పుడు పోయేది టీవీ వాటా, దాని ముందు టికెట్ రాబడి చిన్నది. ఆ దెబ్బ తట్టుకోవడానికి ఇచ్చేవే పారాచూట్ చెల్లింపులు: 2016-17 నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో క్లబ్‌లకు సమానంగా పంచే ప్రసార ఆదాయంలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20. ఒకే సీజన్ ఆడి దిగిపోతే రెండేళ్లే. అంటే ఇప్పుడు క్లబ్ కూలిపోయేది జనం రాకపోవడం వల్ల కాదు. డబ్బు చాలక ఆటగాళ్లను అమ్ముతారు, జట్టు ఓడుతుంది, దాంతో జనం పలచబడతారు.

ఒకే క్లబ్, రెండు పతనాలు

ఈ విషయంలో న్యూకాసిల్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2009లో దిగినప్పుడు సగటు 48,750 నుంచి 43,388కి తగ్గింది. 2016లో దిగినప్పుడు 49,754 నుంచి 51,106కి పెరిగింది. రెండు సందర్భాల్లోనూ మరుసటి ఏడాదే చాంపియన్‌షిప్ టైటిల్ గెలిచింది. 2009-10లో 102 పాయింట్లు కూడా సాధించింది, 2016-17 కంటే ఎనిమిది ఎక్కువ. కాబట్టి గెలుపుతో ఈ తేడాను వివరించలేం. తేడా వేసవిలో ఉంది. 2009లో యజమాని క్లబ్‌ను అమ్మకానికి పెట్టాడు, క్రిస్ హ్యూటన్‌ను పూర్తిస్థాయి మేనేజర్‌గా నియమించింది అక్టోబర్ చివర్లో. సీజన్ టికెట్ కొనాల్సిన నెలల్లో క్లబ్ ఎవరిదవుతుందో, జట్టును ఎవరు నడుపుతారో తెలియదు. 2016లో యజమాని మారలేదు, అతని మీద కోపమూ తగ్గలేదు, కానీ మేనేజర్ రఫా బెనితెజ్ ఉండిపోతానన్నాడు.

పొరుగునే ఉన్న సండర్‌ల్యాండ్‌ది ఇంకా విచిత్రమైన గ్రాఫు. 2016-17లో ప్రీమియర్ లీగ్‌లో 41 వేల పైన ఉన్న సగటు, మరుసటేడు చాంపియన్‌షిప్‌లో 27 వేల చిల్లరకు కూలింది. ఆ ఏడాదీ అడుగునే ముగించి మూడో స్థాయికి దిగింది. అక్కడ, 2018-19లో, సగటు 32 వేలకు పెరిగింది. 2018 డిసెంబర్ 26న బ్రాడ్‌ఫర్డ్ సిటీతో మ్యాచ్‌కు 46,039 మంది వచ్చారు. మధ్యలో జరిగినవి రెండు: యాజమాన్యం మారింది, జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఆ వేసవిలో ఎండకు వెలిసి గులాబీ రంగుకు మారిన సీట్లను మార్చే పనికి అభిమానులే స్వచ్ఛందంగా వచ్చారు. ఖర్చు పరంగా చిన్న పని, కానీ సీజన్ టికెట్ల అమ్మకానికి ఏ ప్రకటనా చేయలేని మేలు చేసింది. లీడ్స్ యునైటెడ్‌దీ ఇదే తీరు: 2004లో పడ్డాక మూడు సీజన్లలో సగటు 36 వేల నుంచి 21 వేలకు జారింది, 2007లో మూడో స్థాయికి దిగి 15 పాయింట్ల కోతతో మొదలుపెట్టిన సీజన్‌లో 26 వేలకు పెరిగింది.

పై డివిజన్‌లో వారం వారం ఓడే జట్టు కంటే కింది డివిజన్‌లో గెలిచే జట్టు ఎక్కువ మందిని లాగుతుందన్నది నిజమే, అయితే దానికీ గడువుంది. స్కాట్లాండ్‌లో రేంజర్స్ 2012లో పడిపోయింది పాయింట్ల వల్ల కాదు, పాత కంపెనీ లిక్విడేషన్ వల్ల. నాలుగో స్థాయి నుంచి మొదలుపెట్టింది. మొదటి ఏడాది సగటు 45 వేలు దాటింది, చివరి మ్యాచ్‌కు బెర్విక్ రేంజర్స్ మీద 50,048 మంది. ఆ స్థాయి ఫుట్‌బాల్‌లో అది కనీవినీ ఎరగని సంఖ్య. 2014-15 నాటికి జట్టు రెండో స్థాయికి ఎగబాకింది, సగటు మాత్రం 33 వేల లోపుకు దిగింది. డైరెక్టర్లతో అభిమానుల గొడవ ముదిరి, చాలామంది కావాలనే సీజన్ టికెట్లు తీసుకోలేదు. మొదటి ఏడాది వచ్చింది క్లబ్‌ను బతికించుకోవాలనే పట్టుదల. మూడో ఏడాదికి ఆ పట్టుదలే బోర్డు మీదకు తిరిగింది.

జర్మనీ లెక్కలు ఈ వివరణకు పూర్తిగా లొంగవు. షాల్కే 2023-24లో అక్కడి రెండో స్థాయి అయిన రెండో బుండెస్‌లిగాలో పదో స్థానంలో నిలిచింది. గెలుపు ఊపు లేదు, పైకి వెళ్లే ఆశా లేదు, సగటు మాత్రం 60 వేల పైనే. హాంబర్గ్ 2018 నుంచి ఏడేళ్లు అక్కడే ఇరుక్కుని, 2025లో గానీ పైకి రాలేదు, స్టేడియం మాత్రం నిండుతూనే ఉంది. చవకైన నిలబడి చూసే స్టాండ్లు ఒక కారణం. 50+1 నియమం వల్ల ఓటింగ్ అధికారం సభ్యుల సంఘం చేతిలో ఉండటం ఇంకొకటి: కోపం వస్తే స్టేడియం మానేయక్కర్లేదు, సర్వసభ్య సమావేశంలో చేయెత్తితే చాలు. మూడోది క్యూ. సీజన్ టికెట్లకు పరిమితి పెట్టి మిగతావాళ్లను వెయిటింగ్ లిస్టులో ఉంచిన క్లబ్‌లో, ఒకసారి వదులుకున్నవాడు మళ్లీ చివర నిలబడాలి. అందుకే చెత్త సీజన్‌లోనూ టికెట్ వదలడు, రాలేని రోజు స్నేహితుడికి ఇస్తాడు.

క్యూ లేని క్లబ్‌కు ఆ రక్షణ లేదు. అక్కడ వరసగా జరిగే తప్పులు మూడు. రెలిగేషన్ ఖాయం కాకముందే, మార్చిలో, పై డివిజన్ ధరతో రెన్యువల్స్ తెరిచి, దిగిపోయాక తేడా తిరిగివ్వకపోవడం. స్టాండ్లలో జనాన్ని చూసుకునే స్టీవార్డుల ఖర్చు మిగులుతుందని పై అంతస్తు మూసి, అక్కడ పదిహేనేళ్లుగా పక్కపక్కన కూర్చున్నవాళ్లను చెదరగొట్టడం. వాళ్లకు స్టేడియం అంటే ఆ వరసే, కొత్త సీటు ఇచ్చినా చాలామంది తిరిగిరారు. మూడోది, మొదటి ఏడాది అమ్మిన టికెట్ల సంఖ్య చూసి జనం నిలిచారని నమ్మి, గేటు దగ్గర స్కాన్ అయిన సంఖ్యను పక్కన పెట్టడం. ఆ రెండింటి మధ్య దూరం క్రిస్మస్ నాటికి ఎంత పెరిగిందో చూస్తే వచ్చే రెన్యువల్ ఎలా ఉండబోతోందో ముందే తెలుస్తుంది, ధర తగ్గించడానికి అప్పటికి ఇంకా సమయం ఉంటుంది.