తుర్కపల్లి చూసొచ్చిన మనవలకు

చిరంజీవులు అమూల్య, చరణ్‌లకు తాతయ్య ఆశీస్సులు.

స్కూలు వాళ్ళు మిమ్మల్ని తుర్కపల్లి తీసుకెళ్ళి, మందుల, టీకాల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ చూపించారని మీ అమ్మ చెప్పింది. "ఈ మందుల కంపెనీలన్నీ హైదరాబాదుకే ఎందుకొచ్చాయి?" అని చరణ్ అడిగాడట. వాట్సాప్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

చాలావరకు అవి ఎక్కడినుంచో రాలేదురా, ఇక్కడే పుట్టాయి. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే మందుల సంస్థ పెట్టింది. దాని సింథటిక్ మందుల ప్లాంటు సోవియట్ సాయంతో మన బాలానగర్‌లో వచ్చింది. మా తరం కెమిస్ట్రీ కుర్రాళ్ళకి పని నేర్పింది అలాంటి ప్లాంట్లే. కాలేజీలో గ్రాముల్లో చేసినదాన్ని అక్కడ టన్నుల్లో చేయాలి. చిన్న గాజు ఫ్లాస్కులో పుట్టిన వేడి ఇట్టే పోతుంది, పెద్ద రియాక్టర్‌లో అంత తొందరగా పోదు. కూలింగ్ అందక టెంపరేచర్ లేచిందంటే బ్యాచ్ సంగతి దేవుడెరుగు, ప్రాణాల మీదికొస్తుంది. నైట్ షిఫ్టులో టీ తాగుతున్నా కళ్ళు మీటర్ మీదే ఉండేవి. అదెంత టెన్షనో పుస్తకం చదివితే తెలియదు. ఆ పని చేతికొచ్చినవాళ్ళలో చాలామంది బయటికొచ్చి సొంత యూనిట్లు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే.

చట్టం కూడా కలిసొచ్చింది. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం మన దేశంలో మందు మీద పేటెంటు, అంటే కనిపెట్టినవాళ్ళే చేసుకునే హక్కు, ఉండేది కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉండేది. పాలలో మజ్జిగ చుక్క వేసి తోడేసినా, ఎండుమిరపకాయ తొడిమలు వేసి తోడేసినా వచ్చేది పెరుగే కదా! అలా వేరే దారి కనిపెట్టగలిగితే అదే మందును మనమూ చేసుకోవచ్చు. మన కెమిస్టులకు కావలసింది అదే. 2005లో చట్టం మారి ఆ వెసులుబాటు పోయింది. అప్పటికే మనవాళ్ళు నిలదొక్కుకున్నారు.

టీకాల కథ వేరు. అక్కడ నేను ఎక్కువ మార్కులు వేసేది ప్రభుత్వ ల్యాబులకే. తార్నాక చుట్టుపక్కలే రసాయనాల మీద పరిశోధన చేసే ఐఐసీటీ, పోషకాహార సంస్థ, కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉన్నాయి. వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్. అయినా 1993లో శాంతా బయోటెక్నిక్స్ అనే కంపెనీ పెట్టి, కాలేయానికి వచ్చే హెపటైటిస్ బి జబ్బుకు టీకా చేసే పనిలో పడ్డారు. ఉస్మానియాలో, తర్వాత సీసీఎంబీలో పరిశోధనకు చోటు దొరికింది. ఆ జబ్బు తెచ్చే వైరస్ పైపొరలో ఒక ప్రోటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువును ఈస్ట్ కణాల్లో పెడతారు. ఆ కణాలు పెరుగుతూ ప్రోటీన్ చేసిపెడతాయి. దాన్ని శుద్ధి చేస్తే టీకా. అందులో వైరసే ఉండదు కాబట్టి జబ్బు అంటుకుంటుందన్న భయం లేదు. 1997లో అది మార్కెట్లోకి వచ్చాక, అంతదాకా మామూలు ఇళ్ళకు అందని టీకా ధర బాగా దిగింది. మీరు చూసిన జీనోమ్ వ్యాలీ మొదలైంది ఆ తర్వాతే, 1999లో. భారత్ బయోటెక్ కోవాగ్జిన్ చేసింది అక్కడే.

మీకు అక్కడ ఎవరూ చెప్పి ఉండరుగానీ, పటాన్‌చెరు వైపు నక్కవాగు అని ఒకటి ఉంది. ఫ్యాక్టరీల వ్యర్థాలు ఏళ్ళ తరబడి అందులో కలిసి పొలాలు, బావులు పాడయ్యాయి. ఊళ్ళవాళ్ళు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. వ్యర్థాలను శుద్ధి చేయడం తెలియక కాదు, ఖర్చని. మందు చవగ్గా ఇచ్చామని చెప్పుకునే మా పరిశ్రమ ఆ ఖర్చులో కొంత ఆ రైతుల నెత్తిన పెట్టింది.

సీసీఎంబీ, ఐఐసీటీ రెండూ సీఎస్‌ఐఆర్ అనే కేంద్ర పరిశోధన మండలి కిందివే, దాని వ్యవస్థాపక దినం సెప్టెంబరు 26. ఆ తేదీ చుట్టుపక్కల ఆ ల్యాబుల లోపలికి విద్యార్థులను రానిస్తుంటారు. ఈసారి ఎప్పుడో మీ సైన్స్ టీచర్‌ని ముందే కనుక్కోమనండి. అమూల్యా, అక్కడ మాత్రం సిగ్గుపడకుండా అడుగు: వాడేసిన నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని.

మీ తాతయ్య