నీళ్ల పైన నాలుగు వేళ్ల గాలి

పర్లాకిమిడిలో మా ఇంటి ముందు గదిలో నాలుగడుగుల గాజు తొట్టె ఒకటి ఉంది. దాన్ని ఎప్పుడూ అంచు దాకా నింపను. పైన నాలుగు వేళ్ల మేర ఖాళీ వదిలేస్తాను. చూసినవాళ్లు నీళ్లు తగ్గాయనుకుంటారు. పక్కింటి మామ్మ గారికి మాత్రం నీళ్లతో పని లేకపోయింది. మొదటిసారి లోపలికి తొంగి చూసి, "ఏటి బాబూ ఇది, పామా చేపా?" అని అడిగారు.

ఆవిడ అనుమానంలో తప్పేమీ లేదు. జానెడు పొడవు, గుండ్రటి ఒళ్లు, పాము తలను గుర్తుకు తెచ్చే తల, వీపు మీద రంపం పళ్లలా వరుసగా లేచిన బుల్లి రెక్కలు. దాని పేరు బిచిర్. మా దగ్గరున్నది పాలిప్టెరస్ సెనిగాలస్ అనే రకం. పాలిప్టెరస్ అంటే గ్రీకులో చాలా రెక్కలున్నది అని అర్థం. అక్వేరియం షాపుల్లో డైనోసార్ చేప అని అమ్ముతారు. డైనోసార్లతో దీనికి చుట్టరికం లేదు, వయసులో మాత్రం దీని వంశమే పెద్దది. రోహు, బొచ్చె, కొరమేను ఇవన్నీ ఉన్న పెద్ద చేపల కుటుంబం నుంచి బిచిర్ల శాఖ దాదాపు 35 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. డైనోసార్లు పుట్టింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట.

బిచిర్ల సొంత ఊళ్లు ఆఫ్రికాలో ఉన్నాయి. నైలు, నైజర్, కాంగో, సెనెగల్ నదులు, చాద్ సరస్సు, వాటి పక్కన వరద తీసేశాక మిగిలే బురద మడుగులు. నెపోలియన్ సైన్యంతో పాటు ఈజిప్టు వెళ్లిన ఫ్రెంచి శాస్త్రవేత్త జెఫ్రాయ్ సెయింట్ హిలేర్ 1802లో బిచిర్లను లోకానికి పరిచయం చేశాడు. మా చేప వచ్చింది మాత్రం కోల్‌కతా నుంచి. గాలిఫ్ స్ట్రీట్‌లో ఆదివారం జరిగే సంతలో కొని, ఆక్సిజన్ నింపిన కవర్లో పెట్టి, రైల్లో పలాస దాకా తెచ్చుకున్నాను. అది 2017. అప్పటికి మూడంగుళాల పిల్ల. తలకు రెండు పక్కలా ఈకల్లాంటి కుచ్చులు వేలాడుతుంటే ఏదో జబ్బనుకుని టెన్షన్ పడ్డాను. అవి పిల్లప్పుడు ఉండే బయటి మొప్పలు. ఎదిగేకొద్దీ వాటంతటవే పోతాయి.

ఈ చేప గురించి నేను నిజంగా తెలుసుకున్నది మరుసటి సంవత్సరం తిత్లీ తుఫానులో. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదుగా వెళ్లింది. చెట్లూ కరెంటు స్తంభాలూ కలిసి పడ్డాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫిల్టర్ ఆగింది, గాలి పంపు ఆగింది. తొట్టెలో బిచిర్‌తో పాటు ఆరు సిల్వర్ డాలర్ చేపలుండేవి. మొదటి రాత్రికే అవి పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. గిన్నెతో నీళ్లు ముంచి పై నుంచి పోస్తూ కూర్చున్నాం. రెండో రోజు సాయంత్రానికి ఆరూ పోయాయి. బిచిర్ మాత్రం అడుగున పడుకుని, కాసేపటికోసారి లేచి, నీటి పైకి తల పెట్టి, వెంటనే దిగిపోయేది. ఇల్లంతా చీకటి. టార్చి వేసి చూసినప్పుడల్లా అదే పని. కిందికి దిగేటప్పుడు పక్కల నుంచి రెండు మూడు బుడగలు వచ్చేవి.

ఆ చేపకు ఊపిరితిత్తులున్నాయి. మాటవరసకు అంటున్నది కాదు, నిజమైన ఊపిరితిత్తులే. జతగా, గొంతు కింది వైపు నుంచి మొదలై, కుడిది పెద్దగా ఎడమది చిన్నగా ఉంటాయి. గాలి పీల్చే చేపలు మన వైపు కొత్త కాదు. తొలకరికి చెరువు లోంచి లేచి గట్టు మీద పాక్కుంటూ పోయే చేపను ఒడియావాళ్లు కఉ మాఛ అంటారు. మాగుర, సింగి, కొరమేను సంతలో తడి గుడ్డ కింద గంటల తరబడి బతికే ఉంటాయి. కానీ వాటి ఏర్పాట్లు వేరు. మొప్పల పైన గదుల్లా మడతలు పడ్డ ఎముకలతో కఉ మాఛ, మొప్పల దగ్గర చెట్టు కొమ్మల్లాంటి అవయవంతో మాగుర, ఎవరికి వారు సొంతంగా సాధించుకున్న ఉపాయాలవి. బిచిర్ ఊపిరితిత్తులూ మన ఊపిరితిత్తులూ మాత్రం ఒకే పాత పూర్వీకుడి నుంచి వచ్చినవి.

చేప కోసేటప్పుడు పొట్టలోంచి ఒక తెల్లటి గాలి బుడగ వస్తుంది, చిన్నప్పుడు దాన్ని కాలి కింద పెట్టి టప్పుమని పేల్చని వాళ్లుండరు. నీళ్లలో తేలడానికి చేపకు పనికొచ్చేది అదే. 1859లో డార్విన్ ఆ బుడగే మారి మారి ఊపిరితిత్తి అయిందని రాశాడు. ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు దాన్ని తిరగేసి చెబుతున్నారు. ముందు ఊపిరితిత్తి ఉంది, చాలా చేపల్లో అదే తర్వాత తేలే బుడగగా మారింది. అందరికంటే ముందు విడిపోయిన బిచిర్‌లో బుడగకు బదులు ఊపిరితిత్తులుండటం ఈ మాటకు పెద్ద సాక్ష్యం. మనం పేల్చిన బుడగలో ఒక పాత ఊపిరితిత్తి ఉందని తెలిశాక చేపల బజారుకు వెళ్తే నా చూపే మారిపోయింది.

అది ఊపిరి తీసుకునే పద్ధతి ఇంకా బాగుంటుంది. కప్ప గాలిని నోట్లో నింపుకుని లోపలికి నెడుతుంది. మనం ఛాతీ పెంచి గాలిని లాక్కుంటాం. బిచిర్‌కు ఛాతీ పెంచే కండరాలు లేవు. ఉన్నదల్లా కవచం. దాని పొలుసులు రోహు పొలుసుల్లా గోటితో గీకితే ఊడేవి కావు. పలకల్లాంటి గట్టి పొలుసులు ఒకదానికొకటి కొక్కెం వేసుకుని ఒళ్లంతా చొక్కాలా చుట్టి ఉంటాయి. పైన ఎనామిల్‌లాంటి పూత, దాని కింద డెంటిన్, ఆ కింద ఎముక. ఊపిరి వదిలేటప్పుడు చేప కండరాలతో ఈ చొక్కాను లోపలికి నొక్కుతుంది. వదలగానే అది స్ప్రింగులా వెనక్కి వస్తుంది. లోపల ఒత్తిడి తగ్గి గాలి దానంతట అదే జొరబడుతుంది. ఇది 1989లో తేలింది. 2014లో ఇంకో సంగతి బయటపడింది. తల పైన, కళ్ల వెనక, చిన్న మూతల కింద రెండు రంధ్రాలుంటాయి. కదిలించకుండా వదిలేస్తే బిచిర్ నోరు తెరవకుండా ఈ రంధ్రాలతోనే గాలి తీసుకుంటుంది. కొన్ని ప్రయోగాల్లో నూటికి 93 శ్వాసల దాకా ఇలాగే జరిగాయి. ఇంట్లో చూడాలంటే లైటు ఆర్పి, కదలకుండా, కళ్లు నీటి మట్టానికి తెచ్చి కూర్చోవాలి. నాకు మొదటిసారి కనిపించింది మూడో రాత్రి. మూతలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, అంతే.

నాలుగు వేళ్ల గాలి సంగతి ఇక్కడినుంచి వచ్చింది. తొట్టె అంచు దాకా నింపి మూత బిగిస్తే దానికి ఊపిరి తీసుకునే చోటు ఉండదు. నీళ్లలో ఆక్సిజన్ బాగున్నంతసేపు మొప్పలతో చాలావరకు నెట్టుకొస్తుంది, తగ్గేకొద్దీ పైకి రావడం పెరుగుతుంది. వేసవిలో నీళ్లు వేడెక్కితే వాటిలో ఆక్సిజన్ నిలవదు, మా వైపు మే నెలలో అది పదే పదే పైకి వస్తుంది. కాబట్టి ఆ ఖాళీని నేను తొట్టెలో భాగంగానే లెక్క కడతాను. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 255 లీటర్లు పడతాయి. గాలికి చోటు వదిలితే నీళ్లు 210 లీటర్లు. సెనిగాలస్ ఇళ్లలో దాదాపు అడుగు దాకా పెరుగుతుంది, దానికి ఈ తొట్టె సరిపోతుంది. ఎండ్లికేరి లాంటివి రెండడుగులు దాటతాయి. పిల్లప్పుడు ముచ్చటపడి కొంటే తర్వాత ఆ చేపే ఇరుకున పడుతుంది.

మళ్లీ తిత్లీ దగ్గరికి వస్తాను, నేను తప్పు లెక్క వేసింది అక్కడే. సిల్వర్ డాలర్లు పోయినా బిచిర్ బతికింది కదా, గాలి పీల్చే చేపకు నీళ్లెలా ఉంటే ఏం అనుకున్నాను. నాలుగో రోజుకు అది ఒక పక్కకు ఒరిగి పడుకుంది. ఊపిరి తీసుకుంటూనే ఉంది, కానీ ఒంట్లో సత్తువ లేదు. నీళ్లు వాసన వేస్తున్నాయి. ఊపిరితిత్తులు ఆక్సిజన్ తెచ్చిపెడతాయి, అంతవరకే. చేప ఒంట్లో తయారయ్యే అమ్మోనియా మొప్పల గుండా నీళ్లలోకే వెళ్లాలి. నీళ్లలో అప్పటికే అమ్మోనియా నిండి ఉంటే ఎక్కడికి పోతుంది? మామూలు రోజుల్లో ఫిల్టర్ స్పాంజిలో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేస్తుంది. నీటి ప్రవాహం ఆగేసరికి ఆ బ్యాక్టీరియాకూ ఊపిరాడలేదు. మామ్మ గారి బావి నుంచి బిందెలతో నీళ్లు మోసి సగం నీళ్లు మార్చాం, మర్నాడు ఇంకో సగం. లేచి తిరిగింది. చేప చావలేదు కాబట్టి నీళ్లు బాగున్నాయనుకోవడం బిచిర్ విషయంలో చాలా పెద్ద పొరపాటు. కొత్త తొట్టె అయితే ఆ బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపను ఆ తర్వాతే తేవాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ తీసేసే మందు కలపాలి.

మిగతా ఏర్పాట్లు పెద్ద కష్టం కాదు. వేడి 25 నుంచి 28 డిగ్రీలు, మా ఊళ్లో డిసెంబర్, జనవరి రాత్రులకు తప్ప హీటర్ అక్కర్లేదు. కింద మెత్తటి ఇసుక, ఎందుకంటే అది పొట్ట ఆనించి తిరిగే చేప. దాక్కోవడానికి ఒక గొట్టమో గుల్ల దుంగో చాలు.

మూత దగ్గర మాత్రం అశ్రద్ధ పనికిరాదు. 2020 వానాకాలంలో ఫిల్టర్ పైపు కోసం వదిలిన రెండంగుళాల సందులోంచి అది రాత్రికి రాత్రి బయటపడింది. తెల్లారి వంటింటి గుమ్మం దగ్గర, తడి గోనె పట్టా కింద దొరికింది. ఒళ్లంతా దుమ్ము. చేతికి తీసుకోగానే మెలి తిరిగింది. నీళ్లలో వదిలాక రెండు రోజులు తిండి ముట్టలేదు, తర్వాత మామూలైంది. గది తేమగా ఉండబట్టి బతికింది. ఎండాకాలమైతే ఒళ్లు ఎండి పోయేది.

అది ఆ దూరం ఎలా నడిచిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సెనిగాలస్ పిల్లలను ఎనిమిది నెలల పాటు నేల మీదే పెంచారు. అడుగున పల్చగా నీళ్లు, గాలిలో తేమ. ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. నేల మీద పెరిగినవి ముందు రెక్కలను ఒంటికి దగ్గరగా ఆనించి, తల పైకెత్తి, తక్కువగా జారుతూ నడిచాయి. భుజం దగ్గరి ఎముకల ఆకారం కూడా మారింది. నీళ్లు వదిలి నేల మీదకు వచ్చిన తొలి జీవుల శిలాజాల్లో కనిపించే కొన్ని మార్పుల్లాంటివే అవి. తరాలు గడవకుండా, ఒకే చేప జీవితంలో వచ్చాయి.

బిచిర్ మీద ఇలాంటి ఆశ వంద ఏళ్ల కిందటే పుట్టింది. చేపలు నేల మీదకు ఎలా వచ్చాయో బిచిర్ గుడ్డులో పిల్ల పెరిగే తీరు చూస్తే తెలుస్తుందని అప్పటి శాస్త్రవేత్తలు గట్టిగా నమ్మారు. గుడ్లు మాత్రం ఎవరికీ దొరకలేదు. హారింగ్టన్ అనే అమెరికన్ 1899లో నైలు నది వైపు ఈ వెతుకులాటలోనే చనిపోయాడు. ఇంగ్లండుకు చెందిన జాన్ శామ్యూల్ బడ్జెట్ నాలుగుసార్లు ఆఫ్రికా వెళ్లాడు. గాంబియా రెండుసార్లు, తర్వాత ఉగాండా, చివరికి 1903లో నైజర్ డెల్టా. అక్కడ గుడ్లు దొరికాయి, పిల్లలు పెరిగే దశలన్నీ భద్రం చేసి ఇంటికి తెచ్చాడు. 1904 జనవరిలో మలేరియా ముదిరి వచ్చే బ్లాక్‌వాటర్ జ్వరంతో పోయాడు. వయసు 31. అతను తెచ్చిన నమూనాల వివరాలను స్నేహితుడు గ్రాహం కెర్ 1907లో ప్రచురించాడు. మా కొండల పక్క ఊళ్లవాళ్లకు మలేరియా ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మందులు చేతిలో ఉన్న ఈ రోజుల్లోనే అంత భయపడతాం. ఒక చేప గుడ్ల కోసం నాలుగుసార్లు ఆ జ్వరాల దేశానికి వెళ్లిన మనిషిని తలుచుకుంటే ఇంట్లో అదే చేప తిరుగుతుండటం నాకు చిన్న విషయంగా అనిపించదు.

తిండి సంగతి చెప్పాలి. బిచిర్‌కు చూపు మందం, వాసనే ఆధారం. ముక్కులు రెండు చిన్న గొట్టాల్లా ముందుకు పొడుచుకుని ఉంటాయి. చీకటి పడ్డాక వేస్తేనే బాగా తింటుంది. ఎర్రలు, పొట్టు తీసిన రొయ్య ముక్కలు, నీళ్లలో మునిగే మాంసాహారపు గుళికలు. పెద్దదయ్యాక రోజూ పెట్టక్కర్లేదు, వారానికి మూడుసార్లు చాలు. బతికున్న గోల్డ్ ఫిష్‌ను వేసి అది మింగుతుంటే వీడియో తీసేవాళ్లున్నారు. నాకది ఇష్టం లేదు. దానితో రోగాలు వస్తాయి, పైగా గోల్డ్ ఫిష్ ఒంట్లో బి1 విటమిన్‌ను పాడుచేసే పదార్థం ఉంటుంది. నోట్లో పట్టే చేపను దేన్నీ దానితో ఉంచకూడదు. గాజును పట్టుకుని పాచి తినే సక్కర్ చేప కూడా వద్దు, రాత్రిపూట బిచిర్ ఒంటికి అతుక్కుని గీరుతుంది.

ఆ సక్కర్ చేపే, పెంచలేక జనం వదిలేస్తే, కృష్ణా జిల్లా కాలువల్లోకి చేరి వలలు చింపేస్తోంది. జాలర్లు దాన్ని డెవిల్ ఫిష్ అంటున్నారు. అందుకని బిచిర్‌ను పెంచలేకపోతే మహేంద్రతనయలోనో వంశధారలోనో వదలొద్దు. వెచ్చటి నీళ్లు, బురద, గాలి పీల్చే శక్తి, మాంసం తినే అలవాటు. మన నదిలో అది నిలదొక్కుకుంటే కఉ మాఛ పిల్లలూ రొయ్య పిల్లలూ దాని నోట్లోకే పోతాయి. పెంచే మరొకరిని వెతికి ఇవ్వడానికి నెల పట్టినా పరవాలేదు.

బిచిర్ పదేళ్లు సులువుగా బతుకుతుంది, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువ. మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా వచ్చిన చేప ఇది. ఇప్పుడు తను విశాఖలో డిగ్రీ చదువుతోంది. గాజు మీద నీటి మట్టం గీత మార్కర్‌తో గీసింది తనే, తుఫాను వెళ్లిన వారం తర్వాత. గీత చెరిగిపోతే మళ్లీ మళ్లీ గీస్తూ వచ్చాం. వానాకాలం మొదలైతే ఫోన్ చేసి ముందు అడిగేది, "నాన్నా, నీళ్లు గీత దాటలేదు కదా?"