ఎలా కొడుతోంది కాదు, ఎప్పుడు కొడుతోంది?

విశాఖలో సింహాచలం ఘాట్ రోడ్డును మూడో గేరులోనే ఎక్కబోతే పాత పెట్రోలు కారు టకటకమని కొడుతుంది. అదే కారు బీచ్ రోడ్డు మీద నోరు మెదపదు. మెకానిక్‌కు ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపడానికి తంటాలు పడతాం గానీ, అది ఎప్పుడు వస్తోందన్నదే అసలు ఆధారం.

ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చేది చాలావరకు నాకింగ్. సిలిండరులో ప్లగ్గు నిప్పురవ్వ వేయగానే మంట పాకడం మొదలవుతుంది. దాని వెనక ఉబ్బే వాయువులు ఇంకా కాలని పెట్రోలు-గాలి మిశ్రమాన్ని అంచులకు నొక్కేస్తాయి. ఆ ఒత్తిడికి వేడెక్కిన మిశ్రమం, మంట చేరేదాకా ఆగకుండా తనంతట తానే ఒక్కసారిగా అంటుకుంటుంది. అప్పుడు పుట్టిన పీడన తరంగం గోడల మధ్య సెకనుకు సుమారు ఆరేడు వేల సార్లు కంపిస్తుంది. అంటే లోపల ఇనుముకు ఇనుము తగలడం లేదు. మోగుతున్నది మిశ్రమం మండే గది.

ఎత్తులో యాక్సిలరేటర్ బాగా నొక్కుతాం కనుక సిలిండరు నిండా మిశ్రమం చేరుతుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కనుక అంటుకోవడానికి వ్యవధీ దొరుకుతుంది. గేరు తగ్గించి చూడండి. శబ్దం మాయమైతే ఇంజిన్ దించాలన్న మాట వెంటనే నమ్మకండి. ముందు టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, సరిచూడమనండి, పిస్టన్ తలపై మసి పేరుకుందేమో చూడమనండి. మసి గదిని ఇరుకు చేసి కంప్రెషన్ పెంచుతుంది. కొత్త కార్లలో నాక్ సెన్సర్ ఆ కంపనాన్ని పసిగట్టి నిప్పురవ్వను ఆలస్యం చేయిస్తుంది. కార్బ్యురేటర్ కాలపు బండికి ఆ చెవి లేదు.

1957 నుంచి రిఫైనరీ ఉన్న ఊరు కదా, ఏ శబ్దం వచ్చినా పెట్రోలును తిట్టడం మనకు తేలిక. ఒకప్పుడు నాకింగ్‌కు మందు సీసం. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ టెట్రాఇథైల్ లెడ్ గుణాన్ని కనిపెట్టాడు. ఇంజిన్లు శాంతించాయి, పిల్లల రక్తంలో సీసం పెరిగింది. ఎంత ఖరీదైన నిశ్శబ్దం! మన దేశంలో సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరితో ఆగింది. ఇప్పుడు పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా నాకింగ్‌ను అణిచేదే. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత) కనీసం 95 ఉండాలి, అంతకుముందు మామూలు పెట్రోలుకు 91 చాలు. పాత రబ్బరు పైపులను అది పాడుచేయవచ్చు, ఆ సంగతి వేరు గానీ, నాకింగ్ నేరం ఇథనాల్‌కు అంటగట్టడం తొందరపాటే.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే వచ్చి, వేడెక్కాక సద్దుమణిగేది పిస్టన్ గోడకు కొట్టుకోవడం. పైనుంచి సన్నగా టిక్‌టిక్‌మంటే వాల్వును కదిపే టాపెట్. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే శబ్దం పైదో కిందిదో తేలుతుంది. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా సుమా.

భయపడాల్సింది కింది నుంచి బరువుగా వచ్చే దభదభకు. వేడికి ఆయిల్ పల్చబడిన కొద్దీ ఇది పెరుగుతుంది. పిస్టన్‌ను కింద తిరిగే ఇరుసుకు (క్రాంక్‌షాఫ్ట్) కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగి, క్రాంక్‌షాఫ్ట్‌కూ దానికీ మధ్య ఆయిల్ పొర నిలవడం లేదన్నమాట. ఇక్కడ లోహానికి లోహం నిజంగానే తగులుతోంది. రాడ్ విరిగితే ఇంజిన్ బ్లాకుకే చిల్లు పడవచ్చు. వెంటనే ఇంజిన్ ఆపి ఆయిల్ మట్టం చూడండి. మట్టం సరిగా ఉన్నా సరే, గాజువాక ఆటోనగర్‌కు బండిని నడుపుకుంటూ కాదు, లాగించుకుని వెళ్లండి.