గుండె గోడ మందమైతే బలం కాదు: అపోహలు - వాస్తవాలు

మొన్న గాజువాక నుంచి ఒకాయన ఎకో రిపోర్టు పట్టుకుని వచ్చారు. ఎడమ జఠరిక (ఒళ్లంతటికీ రక్తం పంపే గుండె గది) గోడ 14 మిల్లీమీటర్లు. 11 దాటితేనే మేం ఆలోచిస్తాం. బీపీ 170/100. బిళ్లలు ఆరు నెలల కిందటే మానేశారట. "ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను డాక్టరు గారూ, 32 కిలోమీటర్లూ నడుస్తాను. కండ పెరిగితే మంచిదే కదా?" అన్నారు.

అపోహ: కండరం మందమైతే గుండె బలపడినట్టే.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు భయమేస్తుంది. పుట్టిన కొద్దికాలానికే గుండె కండర కణాలు విభజన దాదాపు ఆపేస్తాయి. బీపీ భారం పడితే సాయానికి కొత్త కణాలు రావు, ఉన్న కణమే లావెక్కుతుంది. కణంలో ముడుచుకునే చిన్న భాగాలైన సార్కోమియర్లు, ఒక్కోటి సుమారు 2 మైక్రోమీటర్లు, పక్కపక్కనే పేరుకుంటాయి. కేంద్రకమూ పెద్దదవుతుంది. (కవాటం లీకయ్యే గుండెలో సార్కోమియర్లు ఒకదాని చివర ఒకటి చేరతాయి. కణం పొడవై, గది సాగుతుంది.)

మొదట్లో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కూడా పెరుగుతాయి కాబట్టి మనిషికి ఏమీ తెలియదు. మోసమంతా ఇక్కడే. పోను పోను సార్కోమియర్లు పెరిగినంతగా మైటోకాండ్రియా పెరగవు, రక్తం తెచ్చే కేశనాళికలూ చాలవు. కణాల మధ్య కొల్లాజెన్ అనే గట్టి పీచు చేరి గోడ బిరుసెక్కుతుంది. అలాంటి గోడ ముడుచుకుంటుంది గానీ సరిగా సడలదు. అందుకే పంపింగ్ 60 శాతం, అంటే మామూలుగానే ఉన్నా మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

రోజూ కఠినంగా సాధన చేసే క్రీడాకారుల గుండె వేరు. అక్కడ కొల్లాజెన్ మచ్చ పడదు, సాధన ఆపితే మందం తగ్గుతుంది. ఏడాదికి ఒక రాత్రి నడకతో ఆ గుండె రాదు. బీపీ భారం మాత్రం పడుకున్నా దిగదు.

అపోహ: ఒకసారి పెరిగితే ఇక అంతే.

రిపోర్టులో ఎల్‌వీహెచ్ (ఎడమ జఠరిక గోడ మందమైందని అర్థం) అని చూసి రాత్రంతా నిద్రపోని వాళ్లుంటారు. టెన్షన్ పడకండి. తొలిదశలో బీపీ అదుపులోకి వస్తే కణాలు మళ్లీ సన్నబడతాయి. మా నాన్నగారి గోడ 13 ఉండేది. బిళ్ల ఒక్కరోజూ తప్పకుండా అమ్మ గ్లాసు నీళ్లతో ఎదురుగా నిలబడేది. రెండేళ్లకు 11కి వచ్చింది.

మిగతావి: ఈసీజీ నార్మల్ అయితే మందం లేనట్టు కాదు, అది చాలాసార్లు పట్టుకోలేదు. ఊపిరి నిండా పీల్చకుండా తీసిన ఎక్స్‌రేలో మంచి గుండె కూడా పెద్దగా కనిపిస్తుంది. తెల్లమద్ది కషాయం బీపీ బిళ్లకు బదులు కాదు. కషాయం తాగితే బిళ్ల అక్కర్లేదనే వాట్సాప్ మెసేజీ దయచేసి ఇంకొకరికి పంపకండి.

గాజువాక ఆయన మళ్లీ బిళ్లలు మొదలుపెట్టారు. ఈ ఆషాఢ పౌర్ణమికి నడవొచ్చా అని అడిగారు. ముందు బీపీ 130/80 లోపు రానివ్వండి, అప్పుడు చెబుతానన్నాను.