ఫైల్ గ్రూపు మార్చడం: అపోహలు, వాస్తవాలు

లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ఒక గ్రూపు (కొందరు యూజర్లు కలిసిన జట్టు) ఉంటాయి. లినక్స్ సర్వర్లు చూసుకునే నాకు తరచూ వినిపించే మాట ఒకటుంది: “గ్రూపు మార్చాను, అయినా పర్మిషన్ డినైడ్ అనే వస్తోంది.” విసిగిపోయి చాలామంది ఫైలుకు 777 పర్మిషన్ ఇచ్చేస్తారు. ఈ మూడు అంకెలు వరుసగా యజమానికి, గ్రూపుకు, మిగతావారికి; చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 కలిపితే ఒక్కో అంకె. అంటే ఆ ఫైలున్న ఫోల్డర్ వరకు రాగలిగిన ఎవరైనా ఆ ఫైలును చెరిపి రాయవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: గ్రూపు మార్చాలంటే రూట్ (సర్వాధికారాలున్న అడ్మిన్) అయి తీరాలి.
వాస్తవం: యజమానిని మార్చడానికి రూట్ కావాలి. గ్రూపుకు అక్కర్లేదు. ఫైలు మీదై, కొత్త గ్రూపులో మీరూ సభ్యులైతే చాలు. సీహెచ్‌జీఆర్‌పీ అని కొట్టి, గ్రూపు పేరు, ఫైలు పేరు ఇవ్వండి.

అపోహ: గ్రూపు మారితే అందులోని వారంతా రాయగలరు.
వాస్తవం: ఎవరికి అన్నది గ్రూపు చెబుతుంది, ఎంతవరకు అన్నది పర్మిషన్ చెబుతుంది. 640 ఉన్న ఫైలును గ్రూపు సభ్యులు చదవగలరు, అంతే. రాయాలంటే 660 ఉండాలి. ఇక ఫైలును తొలగించడం ఆ ఫైలు గ్రూపును బట్టి కాదు, అది ఉన్న ఫోల్డర్‌ను బట్టి ఉంటుంది.

అపోహ: యూజర్‌ను గ్రూపులో చేర్చగానే పని పూర్తయినట్టే.
వాస్తవం: అప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్‌కు ఆ సంగతి తెలియదు. ‘ఐడీ’ అని మాత్రమే కొడితే ప్రస్తుత సెషన్ గ్రూపులు కనిపిస్తాయి. పక్కన యూజర్ పేరు కూడా ఇస్తే సిస్టమ్‌లో నమోదైన గ్రూపులు వస్తాయి. రెండూ తేడాగా ఉంటే లాగౌట్ చేసి మళ్లీ రమ్మనండి. యూజర్‌ను గ్రూపులో చేర్చే యూజర్‌మాడ్ కమాండ్‌లో పెద్ద ‘జీ’ ముందు చిన్న ‘ఏ’ పెట్టడం మరచిపోతే మాత్రం ఆ యూజర్ పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోతాయి. ఈ ఒక్కచోట రెండుసార్లు చూసుకుని ఎంటర్ నొక్కండి.

అపోహ: సీహెచ్‌జీఆర్‌పీకి పెద్ద ‘ఆర్’ పెట్టి ఫోల్డర్ మొత్తం ఒకసారి మార్చేస్తే ఇక చూడనక్కర్లేదు.
వాస్తవం: ఆ కమాండ్ ఆ క్షణాన ఉన్న ఫైళ్లకే వర్తిస్తుంది. రేపు పుట్టే ఫైలుకు, దాన్ని సృష్టించిన వారి ప్రైమరీ గ్రూపే (వారి ఖాతాకు ముఖ్యమైన గ్రూపు) వస్తుంది. ఒక కార్యాలయంలో అకౌంట్స్ విభాగం ఉమ్మడి ఫోల్డర్ కోసం రోజూ రాత్రి క్రాన్‌లో (చెప్పిన సమయానికి కమాండ్లు నడిపే ఏర్పాటు) ఈ కమాండ్ నడిచేది. పగలు తయారైన ఫైళ్లు మర్నాటి వరకు పక్కవారికి అందేవి కావు. దీనికి మందు సెట్‌జీఐడీ బిట్. ఫోల్డర్‌కు 2770 ఇస్తే (ముందున్న 2 ఆ బిట్), ఆపై అందులో పుట్టే ప్రతి ఫైలుకూ ఫోల్డర్ గ్రూపే వస్తుంది. కొత్త సబ్‌ఫోల్డర్లకు ఆ బిట్ కూడా సంక్రమిస్తుంది, పాతవాటికి విడిగా పెట్టాలి. కొత్త ఫైళ్లకు ఏ అనుమతులు తీసేయాలో చెప్పే యూమాస్క్ కూడా చూడాలి: 022 అయితే కొత్త ఫైలు 644తో వస్తుంది, గ్రూపు రాయలేదు. 002 అయితే 664.

ఇవన్నీ సరిచేసి క్రాన్ తీసేశాక కూడా అక్కడ ఒక్క ఫైలు, దాన్ని పెట్టినవారికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోలేదు. చూస్తే పర్మిషన్ 640, గ్రూపేమో దాన్ని పెట్టిన ఉద్యోగిని సొంతది. ఆమె దాన్ని తన హోమ్ ఫోల్డర్ నుంచి ఫైలును జరిపే ‘ఎంవీ’ కమాండ్‌తో తెచ్చారు. ఎంవీ పాత గ్రూపును వెంట తెస్తుంది. కాపీ చేసే ‘సీపీ’ అయితే అక్కడ కొత్త ఫైలును పుట్టిస్తుంది కాబట్టి ఫోల్డర్ గ్రూపు వస్తుంది. ఆ విభాగంలో ఇప్పుడు ముందు కాపీ చేసి, తెరిచి చూసుకుని, తర్వాతే అసలు ఫైలు తీసేస్తున్నారు.